క్యాజువాల్టీలో నిలబడాలనుకునే నర్సుకు ఏ చదువు మేలు?

పోయిన నెల ఒక రాత్రి రెండున్నరకు క్యాజువాల్టీలో మంచాలు కాస్త సద్దుమణిగాయి. ఫ్లాస్కులో మిగిలిన టీ పంచుకుంటుంటే మా కొత్త స్టాఫ్ నర్సు అడిగింది: "అక్కా, నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేస్తే మందులు మనమే రాయవచ్చట కదా, చేరిపోనా?" ఆ అమ్మాయిది కావలికి అవతల ఒక పల్లె. బీఎస్సీ నర్సింగ్ పూర్తయి రెండేళ్లయింది. ఇంట్లో ఈ మాట చెప్పావా అంటే నవ్వింది. చెప్పిందట. వాళ్ల అమ్మ, "నాలుగేళ్లు చదివించింది ఆర్‌ఎంపీవి కావడానికా?" అన్నదట. ఆమె తప్పేమీ లేదు. మన పల్లెల్లో ప్రాక్టీషనర్ అంటే సైకిలు మీదో, ఇప్పుడు మోటారు సైకిలు మీదో సంచి తగిలించుకొని వచ్చి సూది వేసి పోయే మనిషే గుర్తుకొస్తాడు.

ఈ ప్రశ్న ఏడాదికి పదిమందైనా అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కనుక రాసిపెడుతున్నాను. నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, తరువాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ (డిప్లొమా వాళ్లు చేసే డిగ్రీ) చేసి, ఒంగోలు, నెల్లూరు కలిపి పంతొమ్మిదేళ్లుగా క్యాజువాల్టీల్లోనే ఉన్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తే దాచిపెట్టానన్న మాట రాదు. క్యాజువాల్టీయే మీ ఇష్టమైతే, మన జిల్లాల్లోనే ఉండాలనుకుంటే, ఏడాది పాటు చదివే ఎమర్జెన్సీ డిప్లొమా వైపే నా ఓటు. ఆ సలహా ఎవరికి పనికిరాదో కూడా చెబుతాను.

పేరు ఒకటే, పని వేరు

నర్స్ ప్రాక్టీషనర్ అన్నది 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి, డాక్టర్లు చాలని చోట్ల పిల్లల ఆరోగ్యం చూసేలా నర్సులకు పైశిక్షణ ఇచ్చారు. అక్కడి నుంచి అది పెద్దల వైద్యానికి, ఆ తరువాత ఎమర్జెన్సీ విభాగాలకు పాకింది. ఈ రోజు అమెరికాలో ఆ పేరు పెట్టుకోవాలంటే ముందు రిజిస్టర్డ్ నర్సు కావాలి. ఆపైన మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసి, జాతీయ పరీక్ష రాసి, పనిచేసే రాష్ట్రం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో వీళ్లు డాక్టరు సంతకంతో పనిలేకుండా రోగిని చూస్తారు, పరీక్షలు చేయిస్తారు, మందులు రాస్తారు.

బ్రిటన్‌లో ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆడుతూ కాలు మడతపడిన కుర్రాడు కుంటుకుంటూ వస్తాడు. నర్సు అతని చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీద, కింది ఆరు సెంటీమీటర్ల మేర వేలితో నొక్కి చూస్తుంది. నాలుగు అడుగులు వేయమంటుంది. నొక్కినచోట ఎముక నొప్పి లేదు, నాలుగు అడుగులూ వేశాడు అంటే చీలమండకు ఎక్స్‌రే అక్కరలేదు. ఇది 1992లో కెనడాలోని ఒటావా డాక్టర్లు తేల్చిన నియమం. కట్టు కట్టి, నొప్పి మాత్రలు రాసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపించేది ఆ నర్సే. డాక్టరు ఆ కుర్రాడి ముఖం కూడా చూడడు, ఎందుకంటే అతను పక్క గదిలో గుండెపోటు మనిషి దగ్గర ఉన్నాడు. మందులు రాసే శిక్షణ పొందిన నర్సులకు 2006 నుంచి అక్కడ దాదాపు అన్ని మందులూ రాసే హక్కు ఉంది.

ఒక్క సంగతి మాత్రం మన అమ్మాయిలు గమనించరు. అక్కడ ఎమర్జెన్సీలో నర్స్ ప్రాక్టీషనర్ల చేతికి ఎక్కువగా వచ్చేది ట్రయాజ్‌లో, అంటే తీవ్రతను బట్టి రోగులను రంగులుగా విడదీసేటప్పుడు, పచ్చ రంగు పడిన తేలిక రోగులు. తెగిన వేళ్లు, బెణికిన కాళ్లు, చెవి నొప్పులు. మన దేశంలో ఆ పేరుతో ఉన్న కోర్సు దీనికి సరిగ్గా ఎదురు కొస. భారత నర్సింగ్ మండలి రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, అందరూ ఎన్‌పీసీసీ అంటారు, ఎరుపు రంగు రోగుల కోసం పుట్టింది. వెంటిలేటరు, ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టే గొట్టం), రక్తపోటు నిలబెట్టే ఇన్‌ఫ్యూజన్లు అక్కడి రోజువారీ పని. అమెరికా వీడియోలు చూసి ఆ కోర్సులో చేరితే, మీరు ఊహించుకున్న పని ఒకటి, నేర్చుకునేది ఇంకొకటి అవుతుంది.

మందులు రాసే విషయానికి వస్తే, మన చట్టాల ప్రకారం ప్రిస్క్రిప్షన్ రాయవలసింది రిజిస్టరైన డాక్టరే. ఎన్‌పీసీసీ చేసిన నర్సు ఆసుపత్రి ఆమోదించిన ప్రోటోకాల్ ప్రకారం, డాక్టర్లతో కలిసి తీసుకున్న నిర్ణయం ప్రకారం మందులు ఇస్తుంది, యంత్రాల అమరికలు మారుస్తుంది. తన పేరు మీద చీటీ రాసి బయటి దుకాణానికి పంపడానికి వీల్లేదు. యాక్సిడెంటు కేసులో గాయాల సర్టిఫికెట్ మీద సంతకం చేయడానికి, మరణాన్ని ధ్రువీకరించడానికి కూడా వీల్లేదు. అధికారం కోసమే చదువుదామనుకునే వాళ్లు ఇక్కడే ఆగి ఒకసారి ఆలోచించుకోండి.

మొదటి పది నిమిషాలు ఎవరివి

అధికారం లేదన్నాను కదా అని మన చేతిలో ఏమీ లేదనుకోకండి. నెల్లూరు పెద్దాసుపత్రికైనా, ఒంగోలు రిమ్స్‌కైనా, ఏ ప్రైవేటు ఆసుపత్రికైనా రాత్రి పూట వెళ్లి క్యాజువాల్టీ గుమ్మం దగ్గర పావుగంట నిలబడండి. రోగిని మొదట తాకేది నర్సే. ఛాతీనొప్పి మనిషికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. ఆ పది నిమిషాలు నిలబడేది, జారిపోయేది నర్సు చేతిలోనే.

పాముకాటు సంగతి చూడండి. పెన్నా డెల్టాలో నాట్ల కాలంలో, కోతల కాలంలో మాకు వారం తప్పకుండా కేసు వస్తుంది. చేలగట్టు మీద రక్తపింజర కరిచిందని ఒకాయనను ఆటోలో తెస్తారు. కాలి పైన తాడు బిగించి కట్టి ఉంటుంది. కొత్త నర్సు చేసే మొదటి పొరపాటు ఆ తాడును చటుక్కున కోసేయడం. విషం ఒక్కసారిగా పైకి పోతుంది. ముందు నరంలో సెలైన్ లైన్ పెట్టి, విరుగుడు మందు చేతికి అందేలా ఉంచుకున్నాకే దాన్ని మెల్లగా వదలాలి. తరువాత రక్తం గడ్డకడుతుందో లేదో చూసే పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తం కొత్త గాజు గొట్టంలో తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. ద్రవంగా జారితే విషం రక్తంలో పని చేస్తోందన్నమాట. చెప్పడానికి ఇంత తేలిక. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుతుంది. అందుకే నేను ఆరు కొత్త గాజు గొట్టాలు అట్టపెట్టెలో పెట్టి, మందుల అలమారలో తాళం వేసి ఉంచుతాను. ల్యాబువాళ్లు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వను.

కట్లపాము ఇంకా మాయదారి. నేల మీద పడుకున్న మనిషిని రాత్రి కరుస్తుంది, గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు, గ్యాస్ అని ఇంజక్షన్ చేసి కూర్చోబెడతారు. తెలిసిన నర్సు కనురెప్పలు వాలుతున్నాయా అని చూస్తుంది, ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చెప్పు నాయనా అంటుంది. మొదటిసారి ఇరవై దాటినవాడు అరగంటకు పన్నెండు దగ్గర ఆగితే, ఊపిరి కండరాలు పడిపోతున్నాయని డాక్టరును పరుగెత్తించాలి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు తలాపున పెట్టుకోవాలి. ఈ చూపుకు ఏ సంతకమూ అక్కరలేదు, శిక్షణ కావాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ఆ సగం ఎక్కడో ఢిల్లీలో తగ్గదు, ఇలాంటి గుమ్మాల దగ్గర తగ్గాలి.

కనుక కోర్సును ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదే. ఈ పది నిమిషాల పనికి ఏ చదువు ఎంత బలమిస్తుంది? ఆ బలాన్ని వాడుకునే చోటు మీకు దొరుకుతుందా?

ఏడాది డిప్లొమా

పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్. జీఎన్‌ఎం వాళ్లూ చేరవచ్చు, బీఎస్సీ వాళ్లూ చేరవచ్చు. రిజిస్ట్రేషన్ ఉండాలి, స్టాఫ్ నర్సుగా ఏడాది అనుభవం ఉండాలి. జీఎన్‌ఎం అమ్మాయిలకు ఇది ఎంత పెద్ద మేలో రెండు కోర్సులనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఆమె ఎన్‌పీసీసీ చేయాలంటే ముందు రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఏడాది అనుభవం, తరువాత ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ చదివే రెండేళ్ల రెసిడెన్సీ. డిప్లొమా ఒక్క ఏడాదిలో అయిపోతుంది.

ట్రయాజ్, గుండె ఆగినప్పుడు చేసే పనులు, దెబ్బలు, కాలినవి, విషాలు, పాము, తేలు, సామూహిక ప్రమాదాలు అన్నీ ఇందులో ఉంటాయి. మన ప్రాంతానికి ఇంతకంటే దగ్గరి పాఠ్యాంశం నాకు కనిపించలేదు. జాతీయ రహదారి మన రెండు జిల్లాలనూ నిలువునా కోసుకుంటూ పోతుంది. చీమకుర్తి క్వారీల్లో రాళ్లు మీదపడిన కేసులు ఒంగోలుకు వస్తాయి. పొదిలి, కనిగిరి మెట్ట పొలాల్లో తేలు కుట్టిన పిల్లలు ఒళ్లంతా చెమటలతో, చల్లబడిన చేతులతో వస్తారు. తేలుకాటుకు ప్రాజోసిన్ మాత్ర వాడవచ్చని మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరి డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. చిన్న ఊరి అనుభవం దేశానికి దారి చూపించిన సంగతి అది, నాకు ఎందుకో చాలా ఇష్టం. పురుగుల మందు తాగినవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేసుకుంటూ, గుండెల్లో గరగర ఆగిందా, చెమట ఆరిందా అని స్టెతస్కోపు పెట్టుకొని మంచం పక్కనే కూర్చోవలసింది నర్సు. డిజాస్టర్ అన్న మాట కూడా మనకు పుస్తకంలోది కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట తెగినప్పుడు, రోడ్డూ తెగి, డ్యూటీకి రావలసిన వాళ్లు రాలేక, ఉన్నవాళ్లమే రోజున్నర నిలబడ్డాం.

లోటు లేదా అంటే ఉంది. ఇది డిప్లొమానే, డిగ్రీ కాదు. పాఠం చెప్పే ఉద్యోగానికి దీనితో పోలేరు. కొన్ని యాజమాన్యాలు దీనికి జీతంలో పైసా తేడా చూపించవు, చేరేముందే అడగండి. ఇంకొకటి, ఇదే పేరుతో ఆరు నెలలనీ మూడు నెలలనీ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లున్నారు. మండలి గుర్తించిన సంస్థల జాబితాలో, మీరు చేరే విద్యా సంవత్సరానికి ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి. కాలేజీ ఉండి కోర్సు లేని చోట్లు నేను చూశాను. పూర్తయ్యాక రాష్ట్ర మండలిలో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవడం మరచిపోకండి. అలా మరచిపోయి ఐదేళ్ల తరువాత సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని తిరిగినవాళ్లలో నా స్నేహితురాలు ఉంది.

ఎన్‌పీసీసీ

రెండేళ్ల స్నాతకోత్తర రెసిడెన్సీ. బీఎస్సీ, ఏడాది అనుభవం అడుగుతారు, ఐసీయూ అనుభవమైతే మంచిది. దీని గొప్పతనం ఒక్క లెక్కలో ఉంది: ఐదో వంతు పాఠం, మిగతా నాలుగు వంతులూ మంచం పక్కన. మామూలు ఎంఎస్సీలాగా రోజంతా క్లాసు, సాయంత్రం సెమినారు కాదు. రెండేళ్లు నిజంగా ఐసీయూలో డ్యూటీ చేస్తూ నేర్చుకోవాలి. ఈ కోర్సు బాగా చేసిన అమ్మాయి ఒకరు మా దగ్గర కొన్ని నెలలు పనిచేసింది. ఊపిరాడని ముసలాయన వస్తే, బ్లడ్ గ్యాస్ రిపోర్టు కాగితం చేతికి రాగానే చదివి, ఏ మాస్కు, ఎంత ఆక్సిజన్ అని డ్యూటీ డాక్టరుతో సమానంగా మాట్లాడేది. డాక్టరుకు మొదటివారం అది నచ్చలేదు. రెండో నెలకు ఆమె లేని రోజు, "ఆ అమ్మాయి రాలేదా?" అని అడగడం మొదలుపెట్టాడు.

మరి ఆమె ఎందుకు వెళ్లిపోయింది? పోస్టు లేదు. హాజరు పట్టీలో ఆమె స్టాఫ్ నర్సే. జీతం స్టాఫ్ నర్సుదే. చదువు ఉంది, ఆ చదువు పేరుతో కుర్చీ లేదు. హైదరాబాద్, చెన్నై, వెల్లూరు లాంటి చోట్ల పెద్ద ఐసీయూలున్న ఆసుపత్రుల్లో వీళ్లకు పని ఎక్కువ దొరుకుతుంది. మన జిల్లాల్లో ఎదురుచూపులే. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, పాత మండలి స్థానంలో కమిషన్ తేవాలన్నది దాని ఉద్దేశం. దాంతో ఈ కుర్చీలు పుడతాయేమోనని ఆశపడే వాళ్లున్నారు. ఆశ పడండి, కానీ రెండేళ్ల జీతం దాని మీద పందెం కాయకండి.

ఆ జీతం లెక్క కూడా వేసి చూద్దాం. నెలకు 18,000 వస్తున్నదనుకుంటే డిప్లొమాకు వదులుకునేది 2,16,000. ఎన్‌పీసీసీకి 4,32,000. ఫీజు, హాస్టలు దీనికి పైన. రెసిడెన్సీలో స్టైపెండు ఇచ్చే సంస్థ అయితే ఆ మేరకు తగ్గుతుంది, ఇస్తారా అన్నది సంస్థను బట్టి ఉంటుంది కాబట్టి ప్రాస్పెక్టస్‌లో రాసి ఉన్నదే నమ్మండి, ఫోనులో చెప్పింది కాదు. ఈ కోర్సు నడిపే కాలేజీలు మిగతా ఎంఎస్సీ విభాగాలతో పోలిస్తే తక్కువ కూడా. ఊరు వదలడానికి సిద్ధపడాలి.

ఎంఎస్సీ, పల్లె క్లినిక్, విదేశం

మెడికల్ సర్జికల్ ఎంఎస్సీ గురించి పొడవుగా రాయను. రాష్ట్రంలో విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా సీట్లు నడుస్తాయి, బీఎస్సీలో కనీసం 55 శాతం ఉండాలి, రెండేళ్లు. ఆ తరువాత దారి నేరుగా నర్సింగ్ కాలేజీకి పోతుంది. మీకు పాఠం చెప్పడం ఇష్టమైతే, రాత్రి డ్యూటీలతో నడుము విరిగితే, మంచి దారి. క్యాజువాల్టీ కోసమని మాత్రం ఎవరూ దీన్ని చేయకండి. ఎంఎస్సీ చేసి క్యాజువాల్టీకి తిరిగి వచ్చినవాళ్లను నా సర్వీసులో ఒక్కరినే చూశాను, ఆమె కూడా ట్యూటర్ పోస్టు వచ్చేదాకానే ఉంది.

పల్లె క్లినిక్కు ఇక్కడెందుకు వచ్చింది అంటారా? చెబుతాను. నర్సు తానే రోగిని చూసి, తానే మందు ఇచ్చి, తానే మళ్లీ రమ్మని చెప్పే పని మన రాష్ట్రంలో నిజంగా ఉన్నది క్యాజువాల్టీలో కాదు, ఊళ్లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో కూర్చునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు దగ్గర. జాబితాలో ఉన్న మందులు ఇస్తుంది, బీపీ, షుగరు వాళ్లను నెలనెలా చూస్తుంది, అవసరమైతే తెర మీద డాక్టరుతో మాట్లాడిస్తుంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో 32వ సెక్షను కూడా ఈ మధ్యస్థాయి వైద్య సేవకులకు ప్రాథమిక వైద్యం వరకు పరిమిత లైసెన్సు అన్న ఆలోచనను పెట్టింది. కొలరాడోలో 1965లో మొదలైన పనికి మన దగ్గరి చుట్టం ఎవరంటే నేను ఈ అమ్మాయినే చూపిస్తాను. కానీ కాంట్రాక్టు ఉద్యోగం, రిపోర్టులు ఎక్కువ, ఒంటరితనం ఉంటుంది. "మందులు మనమే రాయవచ్చట కదా" అని అడిగిన మా అమ్మాయికి నేను మొదట చెప్పిన జవాబు ఇదే. ముఖం మాడ్చుకుంది. ఆమెకు సైరన్ చప్పుడు కావాలి.

ఇక విదేశం. మన ఎన్‌పీసీసీ చూపించి అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ అవుతాననుకుంటే అది జరగదు. అక్కడి గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో మళ్లీ చదవాలి. దానికి ముందు ఎన్‌క్లెక్స్ అనే అక్కడి లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సు కావాలి, వీసా వరుసలో ఏళ్లు నిలబడాలి. బ్రిటన్ దారి కొంచెం పొట్టిది: ఇంగ్లిషు పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక చేతి నైపుణ్యాల పరీక్ష, ఆపైన కొన్నేళ్లు వార్డుల్లో చేసి ఎమర్జెన్సీ ప్రాక్టీషనర్ శిక్షణకు పోవచ్చు. గల్ఫ్‌లో ఎక్కువమందికి దొరికేది స్టాఫ్ నర్సు పోస్టే. జీతం బాగుంటుంది, అప్పులు తీరతాయి, అది చిన్న విషయమేమీ కాదు. అయితే విదేశం వెళ్లేవాళ్లకు కూడా ఇక్కడ రెండు మూడేళ్ల క్యాజువాల్టీ అనుభవం పాస్‌పోర్టు అంత విలువైనది. ఇరవై మూడేళ్లకే ఏజెంటు చేతిలో డబ్బు పోసే అమ్మాయిలకు నేను చెప్పేది ఇంతే.

ఇంటర్ చదువుతున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు కొందరు ఫిజీషియన్ అసిస్టెంట్, ఎమర్జెన్సీ టెక్నాలజీ డిగ్రీల గురించి అడుగుతున్నారు. అవి నర్సింగ్ కాదు, 2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల చట్టం కిందికి వస్తాయి. 108లో పనిచేసే టెక్నీషియన్ల మీద నాకు గౌరవం ఉంది, ఆసుపత్రికి చేరేలోపు ప్రాణం నిలిపేది వాళ్లే. కానీ నర్సు రిజిస్ట్రేషన్ ఉంటే ఏ వార్డుకైనా, ఏ దేశానికైనా తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ.

కోర్సు కంటే ముందు అడగవలసినది

ఇప్పుడు నా సొంత గాయం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందటి మాట, ఏ ఆసుపత్రో చెప్పను. తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుణ్ని కందిరీగలు కుట్టి, ముఖమంతా వాచి, గొంతు బొంగురుపోయి, బీపీ అందకుండా తెచ్చారు. డ్యూటీ డాక్టరు పై అంతస్తులో కాన్పు దగ్గర ఉన్నాడు. ఫోను చేస్తే "అడ్రినలిన్ ఇచ్చేయండి సిస్టర్, వస్తున్నా" అన్నాడు. తొడ కండరంలో అర మిల్లీలీటరు ఇచ్చాను. ఐదు నిమిషాలకు ఆయన గొంతు తెరుచుకుంది, "నీళ్లు" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది. మర్నాడు పొద్దున నాకు మెమో వచ్చింది. డాక్టరు రాతపూర్వక ఆర్డరు లేకుండా ఇంజక్షన్ ఎందుకు చేశావని. డాక్టరు మంచివాడే, చెప్పానని ఒప్పుకున్నాడు. అయినా యాజమాన్యానికి కావలసింది కాగితం, ఆ కాగితం ఆ ఆసుపత్రిలో లేదు. మెమో నా ఫైలులో అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఎక్కడ ఇంటర్వ్యూకు వెళ్లినా, జీతం అడగకముందు ఒక్క ప్రశ్న అడుగుతాను: "క్యాజువాల్టీలో డాక్టరు చేరుకునేలోపు నర్సు ఏమేమి చేయవచ్చో రాసిన స్టాండింగ్ ఆర్డర్లు ఉన్నాయా? ఒకసారి చూపిస్తారా?" అలెర్జీ షాక్‌కు అడ్రినలిన్, ఫిట్స్‌కు మందు, షుగరు పడిపోతే గ్లూకోజు, ఛాతీనొప్పికి ఈసీజీ, గుండె ఆగితే షాక్. ఈ ఐదింటికైనా, డోసులతో సహా, క్యాజువాల్టీ ఇన్‌చార్జి డాక్టరు సంతకం, తేదీ ఉన్న కాగితం ఉంటే ఆ ఆసుపత్రిలో మీ డిప్లొమా పనికొస్తుంది, ఎన్‌పీసీసీ అయితే ఇంకా బాగా పనికొస్తుంది. అది లేని చోట పట్టా ఏదైనా గోడకు తగిలించుకోవడానికే. "మా దగ్గర అందరం కుటుంబంలా ఉంటాం, కాగితాలెందుకు?" అన్న చోటికి నేను వెళ్లను. కుటుంబంలో మెమోలు ఇవ్వరు.

అత్యవసరంలో వచ్చిన ఎవరికైనా ముందు చికిత్స, తరువాతే పోలీసు లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. యాజమాన్యంతో స్టాండింగ్ ఆర్డర్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ తీర్పు పేరు ఎత్తండి, వింటారు.

ఎవరికి ఏది

ముప్పై దాటిన జీఎన్‌ఎం సిస్టర్, పిల్లలు బడికి పోతున్నారు, కావలిలోనో కందుకూరులోనో సొంతిల్లు ఉంది, క్యాజువాల్టీ వదలాలని లేదు: డిప్లొమా. అది కూడా కుదరకపోతే గుండె పునరుజ్జీవన కోర్సులైనా చేయండి. బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ రెండూ కలిపి కొద్ది రోజుల పని, సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, నాకు తెలిసి ఖర్చుకు తగిన ఫలితం ఇంత త్వరగా ఇచ్చేది మరొకటి లేదు.

ఇరవై నాలుగేళ్ల బీఎస్సీ అమ్మాయి, ఐసీయూ అంటే భయం లేదు, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండటానికి ఇంట్లో అడ్డు లేదు: ఎన్‌పీసీసీ గురించి గట్టిగా ఆలోచించండి. నా ఓటు డిప్లొమాకే అన్న మాట మీకు వర్తించదు. పెద్ద ఐసీయూ ఉన్న ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీనే చూడండి. అక్కడ చదివి వెళ్లినవాళ్లు ఇద్దరి ఫోను నంబర్లు సంపాదించి, "ఏ హోదాలో చేస్తున్నారు?" అని అడగండి. జవాబు "స్టాఫ్ నర్సు" అయితే రెండో కాలేజీ చూడండి.

అమెరికా ఖాయం అనుకున్నవాళ్లు ఇక్కడ రెండేళ్లు పోగొట్టుకోకుండా క్యాజువాల్టీలో పనిచేస్తూ ఎన్‌క్లెక్స్‌కు చదువుకోండి. రాత్రి డ్యూటీలో చదవడం కుదరదు, ఎవరైనా కుదురుతుందంటే నమ్మకండి. తనకు తానే బాధ్యురాలిగా నిలబడాలనుకునేవాళ్లు, జీతం భద్రత కంటే పనిలో స్వేచ్ఛ ముఖ్యం అనుకునేవాళ్లు పల్లె క్లినిక్కు నోటిఫికేషన్ వదలకండి.

మా కావలి అమ్మాయి ఏం చేసిందంటే, టీ తాగిన వారానికి ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చింది. మొదటి పేజీలో మా క్యాజువాల్టీ స్టాండింగ్ ఆర్డర్లు తన చేతిరాతతో ఎక్కించింది, రెండో పేజీ నుంచి రోజూ తాను మొదట తాకిన రోగి ఒకరు, ఎన్ని నిమిషాలకు ఏం చేసింది రాస్తోంది. కోర్సు ఇంకా తేల్చుకోలేదు. నిన్న ఆ పుస్తకంలో చూశాను: "ఛాతీనొప్పి, ఇందుకూరుపేట మనిషి, ఈసీజీ పద్నాలుగు నిమిషాలు. కాగితం అయిపోయింది. రేపటి నుంచి డ్యూటీ ఎక్కగానే ఈసీజీ పేపరు రోలు చూడాలి."